సోడా ఇయ్యలా

ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో
పొద్దున పదికే కళ్ళు చికిలించాలి,
తెలుపు అంతలా కొడుతుంది.
గోతాం పట్టా నీడన కూర్చోబెట్టి
పోలమ్మ జబ్బకి పట్టీ చుట్టాను.
ఉబ్బింది, మెల్లగా దిగింది.
పైన నూట ఎనభై. కింద నూట పది.

"ఉప్పు తగ్గించాలత్తా" అన్నాను.

అంతే.
పారలు పట్టుకున్నోళ్ళంతా పారలొదిలేసి నవ్వారు,
మోకాటి ఎత్తు ఉప్పులో నిలబడి నవ్వారు.
"పో, పోయి చేపకి చెప్పు
నీళ్ళు తగ్గించమని!"
పోలమ్మ కూడా నవ్వింది.
నవ్వుతుంటే మెడ మీద నరం కొట్టుకోవడం
నేనొక్కదాన్నే చూశాను.

నా సంచిలో కాగితాలున్నాయి.
ఎర్ర గుండె బొమ్మ, బాణం గుర్తులు,
ఆపిల్ పండు, బూట్లేసుకుని పరిగెత్తే మనిషి.
ఇక్కడ బూట్లెవరికున్నాయని?
పాదాలు పగిలి, పగుళ్ళలో ఉప్పు దూరి
రోజంతా నడిచేవాళ్ళకి
నడవమని చెప్పమంటుంది కాగితం.
మడిచి లోపల పెట్టేశాను.

బీడీ చెవి మీద దోపుకుని
ఏకొల్లు చెంచురామయ్య అడిగాడు:
"చెమటలో పోయేదీ ఉప్పే గదమ్మా,
పోయినంత మళ్ళా పెట్టుకోవద్దా?"
తెలీదన్నాను.
అల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మనడిగితే
ఆమె కూడా పెన్నుకి మూత పెట్టి కాసేపు ఆలోచించింది.
"నీళ్ళు బాగా తాగమను. కూరలో వేసింది చాలు.
ఆ ఉప్పు చేప, ఆ ఊరగాయ,
పైన మళ్ళీ చిటికెడు, అదీ ముంచేది."
ఆ మాట మోసుకుని మర్నాడు
మళ్ళీ మూడు మైళ్ళు సైకిలు తొక్కాను.

అసలు పాఠం చెప్పింది ఇంజను మస్తానయ్య.
బోరు పైపు విప్పి గట్టు మీద పడేసి
ఇనప చువ్వతో లోపల గీకుతున్నాడు.
పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది ఉప్పు.
"వారానికోసారి గీక్కపోతే
ఇంజను రొప్పుద్ది, రొప్పి రొప్పి కాలిపోద్ది.
గుండె కూడా ఇంతేనా పాపా?"
"ఇంతే.
కాకపోతే దాన్ని విప్పి గీక్కోలేం,
పేరుకోకుండా చూసుకోవడమే."

సాయంత్రానికి ఆ పైపు చుట్టూ పదిహేను మంది.
వేళ్ళు పెట్టి చూశారు.
చెంచురామయ్య చెవి మీది బీడీ తీసి చూసుకుని
మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాను,
నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

మా అన్న పెంచలయ్య
రాత్రిపూట రొమ్ము పట్టుకుని లేచి కూర్చున్నాడు.
దవడ లాగుతోందన్నాడు.
చొక్కా పిండితే కారేంత చెమట.
"గ్యాసులే అన్నా" అని
గోళీసోడా కొట్టి ఇచ్చింది నేను.
ఈ చేత్తో.
అన్న త్రేన్చాడు. హాయిగా ఉందన్నాడు కూడా.
ఆ త్రేన్పు విని నేను నిద్రపోయాను.

తెల్లారాక నన్నెవరూ ఏమీ అనలేదు.
సోడానేగా అందరం ఇచ్చేది.

కయ్యల్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
పోలమ్మే అడిగింది, "గుండె ఎంతుంటదే?"
"నీ పిడికిలంత."
బిగించి చూసుకుంది
పార పట్టీ పట్టీ మొద్దుబారిన పిడికిలి.
"ఇంత పెద్దదా నాది!" అంది.

తర్వాతేం పెద్ద మార్పు రాలేదు, అబద్ధమెందుకు.
దడుల మీద ఉప్పు చేప ఎండుతూనే ఉంది.
మాత్రలు సగం మంది రోజూ మింగుతారు,
సగం మంది తలనొప్పొస్తే మింగుతారు.
పోలమ్మ ఉప్పు జాడీని అటకెక్కించింది.
"మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేక మానేస్తండా" అంటుంది.
మానితే చాలు, కారణం ఏదైతేనేం.

మొన్న అర్ధరాత్రి దాటాక ఫోను.
చెంచురామయ్య చిన్నకొడుకు,
ఎనిమిదో తరగతి.
"అక్కా, నాయన గ్యాసంటండాడు.
చెమటలు పడతండాయి.
దవడ లాగతందంట.
సోడా అడగతండాడు.
నేను ఇయ్యలా.
నూట ఎనిమిదికి కొట్టా."

చీకట్లో ఉప్పు కుప్పలు తెల్లగా కనపడుతున్నాయి.
కావలి రోడ్డు వైపు ఓ చెవి పెట్టి
చెప్పుల్లేకుండా గట్టు మీద పరిగెత్తుతున్నాను.
నా పిడికిలంత చప్పుడు
నాకే వినపడుతోంది.