గుడి కట్టని బిళ్ళలు

పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే పులిసిన వాసన.
ఇరవై రెండేళ్ళుగా నా మొదటి కాఫీ అదే.
గాజు పళ్ళెంలో రాత్రికి రాత్రి మొలిచిన పొర,
చల్లారిన గంజి మీద తెట్టులా.
దాని మీద నిన్న నేను పెట్టిన
ఆరు కాగితపు బిళ్ళలు,
ఒక్కోదానిలో ఒక్కో మందు.

మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ,
చంద్రుడికి గుడి కట్టినట్టు.
దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన
అనేవాడు తాత, పనల మీద గోనెలు కప్పుతూ.
నేనూ అంతే, స్కేలు పెట్టి గుడి కొలుస్తాను.
ఉద్యోగంలో చేరిన కొత్తలో
పాలకొల్లు ఆకాశం నిండా గుళ్ళే.

ఇవాళ నూకరత్నం పళ్ళెం.
ఆరు బిళ్ళల్లో ఐదింటికి గుడి లేదు.
అంచుదాకా వచ్చి, బిళ్ళకి వీపు ఆనించి
తాపీగా కాపురం పెట్టేసింది
పేగుల్లో పుట్టి పెరిగిన పురుగు.
దొంగ కాదు, పరాయిదీ కాదు.
ఆమె తిన్న అన్నంలో ఇంత తిని
ఎవరి జోలికీ పోకుండా యాభై ఏళ్ళు అద్దెకున్నది.
దారి తప్పి మూత్రంలోకి దిగింది, అంతే.

"నేనెప్పుడూ పెద్ద మందులు మింగలేదండి" అంటుంది.
నిజమే. షెడ్డులో రొయ్యల తలలు ఒలిచే మనిషి,
జ్వరమొస్తే మిరియాల చారు.
మొగుడు ఏసుపాదం చెరువు గట్టు మీద కాపలా.
తెల్లమచ్చ వచ్చిన ఏడాది
పేరు చింపేసిన పాకెట్లలో గుండ
మేతలో కలిపాడు, మోచేతులదాకా.
ఆ జబ్బుకి ఆ మందు పనిచెయ్యదని
చెప్పినవాళ్ళు లేరు. రొయ్యలు ఎలాగూ పోయాయి.

ఆ గుండని గెలిచే ఉపాయం
ఏ నీళ్ళలోనో ఒకటి నేర్చుకునుంటుంది.
నేర్చింది దాచుకోదు.
గోడ మీంచి పక్కింటికి తోడు అందించినట్టు
చెంచాడు, ఒక్క చెంచాడు.
తెల్లారేసరికి కుండంతా తోడుకుంటుంది.
దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటుంది మా అత్త.
వీటికి ఆ పట్టింపు లేదు,
మన జాతేనా అని కూడా అడగవు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"
ఏం చెప్పను.
ధవళేశ్వరంలో విడిపోయిన నీరు
కాలవై, పిల్లకాలవై, బోదెై
చేలో పడి, చెరువులో పడి, కోళ్ళ ఫారం కడిగి,
మా ఆస్పత్రి వెనక తూమునీ కలుపుకుని
మురుగు కాలవలో మళ్ళీ ఒక్కటవుతుంది.
ఎక్కడ వేలు పెట్టి చూపించను?

ఆర్‌ఎంపీ సూరిబాబుని అనడానికి నోరు రాదు.
తుపాను రాత్రి మోకాల్లోతు నీళ్ళలో
సైకిలు మోసుకొచ్చి మా పిల్లాడికి సూది వేసిన చెయ్యి.
జలుబుకీ అదే గోలీ, బెణుకుకీ అదే గోలీ, రెండేసి.

నేను మాత్రం?
ఇన్ని గుళ్ళు కొలిచినదాన్ని,
పంటినొప్పికి ఐదు రోజులు మింగమంటే
మూడో రోజుకి నొప్పి తగ్గి
మిగతా షీటు పోపుల డబ్బాలో దాచాను.
ఆవాల పక్కన ఇంకా ఉంది.

రిపోర్టు రాశాను.
ఆర్. ఆర్. ఆర్. ఆర్. ఆర్.
చివర ఒకే ఒక్క ఎస్.
అది గోలీగా దొరకదు. పడుకోబెట్టి నరంలోకి ఎక్కించాలి, వారం.
నూకరత్నం కాగితం తలకిందులుగా పట్టుకుని
"వారమంటే షెడ్డులో నా పీట ఇంకోళ్ళకి ఇచ్చేత్తారండి" అంది.

రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కాను.
దూరంగా చెరువుల్లో జనరేటర్ల మీద ఏరియేటర్లు
నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.
చంద్రుడికి గుడి కట్టింది.
దగ్గరో దూరమో తేలక
లేని జేబులో స్కేలు కోసం తడుముకున్నాను.

కింద పక్కింటి జ్యోతమ్మ గిన్నె పట్టుకుని
"కాస్త తోడుందా?" అంటోంది.
ఇంకా దీపాలే పెట్టలేదు కదా అనుకుని
చీకట్లో మెట్లు లెక్కపెడుతూ దిగాను.