మైబమ్మ తలుపు

ఐదూ నలభైకి ఫొటో తియ్యాలె.
ఇరవై ఒక్క మొఖం ఒక్క చట్రంల పట్టాలె.
ఎండ ఎనకనుంచి కొడితే టాబు ఒప్పుకోదు,
తల వంచినోళ్లను లెక్కల పట్టదు.
రాసే పిల్ల తల వంచకుంట ఎట్ల రాస్తది?
"ఒక్కపారి లేవుండ్రి, మీదికి సూడుండ్రి" అంట.
తీసివేతలు సగంల ఆగిపోతయి.
పదుల ఇంట్లకెళ్లి అప్పు తెచ్చిన ఒకటి
ఒకట్ల ఇంటికి చేరక
తొవ్వలనే నిలబడతది.

ఊట్కూరు అవతల మా ఊరు.
కొన్ని ఇండ్లల్ల కన్నడం, కొన్ని ఇండ్లల్ల తెలుగు,
పిలగాండ్ల నోట్ల రెండూ కలిసిన మూడోది.
టాబుల మాతృభాష అని ఒక గడి,
ఒక్కటే నొక్కాలె.
బసలింగప్ప కొడుకు ఇంటికి ఉరికి అడిగొచ్చిండు:
"మా అవ్వది కన్నడం, మా నాయినది తెలుగు,
నాది ఇంకా తెల్వదంట టీచర్, రాయకు."
రాయకుంటే కింది గడి తెరుచుకోదు.

సాయంత్రం తిండికి తలకు ఐదు రూపాయల డెబ్బై పైసలు.
జూన్‌ల మొదలైంది బడి.
దసరా పాయె, పీర్లు లేచి కూసునె,
పైసలు రాలే.
"ఫైలు నడుస్తున్నది మేడం" అన్నరు.
దానికి కాళ్లన్న ఉన్నయని సంబురపడ్డ.

మైబమ్మ దుకాణం బడిగోడను ఆనుకొనే.
సదువు రాదు. తలుపురెక్క మీద బొగ్గుగీతలు.
నిలువుగీత తవ్వెడు శెనగలు,
అడ్డగీత బెల్లం,
వానొచ్చి పిల్లలు తక్కువైననాడు పొట్టిగీత.
నడుమ నడుమ సున్నలు.
ఇవేంటివి అంటే,
"గుగ్గిళ్లు తినకుంట జేబుల ఏసుకపోయినోళ్లు" అన్నది.
"ఇంట్ల ఇంకో కడుపున్నట్టు."
తెల్లారి ఆ పిల్లకు చారెడు ఎక్కువ పోస్తది.
ఆ చారెడు అప్పుల గీయదు.

పదిహేడో నంబరు, బోయ జయంతి.
పత్తి పగిలినకాడికెళ్లి టాబుల ఎర్రగయింది.
కారణం చెప్పమంటది, నాలుగే ఇస్తది:
రోగం, వలస, ఆసక్తి లేదు, ఇతరము.
ఇతరము నొక్కితే వివరించమంటది,
వివరిస్తే అక్షరాలు ఎక్కువైనయంటది.
ఆరింటికి హాజరు మూసుకుంటది.
ఆరున్నరకు జయంతి వస్తది,
గోర్ల సందుల పత్తి పొట్టు.
"ముప్పై నాలుగు కిలోల ఎనిమిది వందలు టీచర్,
ముప్పై మూడే రాసిండు.
నేను నోట్లనే లెక్క కట్టి చెప్పిన,
మా అమ్మ ఊకోమన్నది."
కిలో ఎనిమిది వందల గ్రాములకు కూలెంతో
నేల మీద పుల్లతోని చేసి చూపించింది.
ఆ రాత్రి టాబు నాకొక మెసేజు పెట్టింది:
పదిహేడు, ఆసక్తి లేదు.
నేను నొక్కలే. అదే నొక్కుకున్నది.

ఫిబ్రవరిల జిల్లా నుంచి సారొచ్చిండు.
చెడ్డ మనిషేం కాదు, చెప్పులిడిచి వరండ ఎక్కిండు.
"మీ సెంటరు పసుపుల ఉన్నది మేడం,
పచ్చగ కావాలె."
తలుపుకాడికి తీస్కపోయిన.
చానాసేపు నిలబడ్డడు, వేలు పెట్టి లెక్కపెట్టిండు,
నూటా నలభై దాటినంక యాదిమరిచి మళ్ల మొదటికొచ్చిండు.
ఫొటో తీసిండు.
మొఖాలు కనబడతలేవు, అన్నది టాబు.

మార్చి ముప్పై ఒకటి, పగటీలి నాలుగుకు పైసలు పడ్డయి.
పొద్దుమీకేలోపు ఖర్చు చూపియ్యాలె,
బిల్లు మీద నంబరుండాలె.
మైబమ్మకు నంబరు లేదు, తలుపున్నది.
మక్తలుకు బస్సెక్కి, తెలిసిన షాపుల బతిలాడితే
"ఇయ్యని సరుకుకు బిల్లెట్ల రాయాలె?" అన్నడు.
ఆయన మాట తప్పేం కాదు.
రాత్రి పన్నెండుకు పైసలు ఎనకకు పోయినయి,
ఖర్చు కానందున.

మైబమ్మకు చెప్పిన, తల వంచుకొని.
ఉగాదికి తడిబట్ట పెట్టి తుడిచే రెక్క
ఈ ఏడు తుడువలే.
"రెండో రెక్క ఖాళీగనే ఉన్నది గద" అన్నది.

ఆరున్నరకు జయంతి వచ్చింది, మిరపతోట నుంచి,
చేతులు పెయ్యికి దూరం పెట్టుకొని,
కండ్లల్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోకుంట.
మైబమ్మ గుగ్గిళ్లు దాని నోట్లనే ఏసింది,
ఒక్కో పిడికెడు, ఆగి ఆగి.
తర్వాత బొగ్గు తీసి
రెండో రెక్క మీద మొదటి గీత గీసింది.
పొట్టిది.