గుంటూరు గొలుసు

నూరు లింకులు, అరవై ఆరు అడుగులు.
దీన్ని కనిపెట్టిన దొర పేరు గుంటరట.
మా ఆఫీసులో అందరం గుంటూరు గొలుసనే అంటాం.
మా ఊరి పేరు మీదే పుట్టిందనుకుంటూ
ఇరవై ఏళ్ళు భుజాన మోశాను.

ఇవాళ నల్లపాడు వైపు, పట్టాల పక్కన,
మస్తాన్‌బీ ఇంట్లోంచి లాగాను.
ఇంటి ముందు నుంచి కాదు, ఇంట్లోంచే.
ఈ కొస పొయ్యి దగ్గర నేను పట్టుకున్నా.
ఆ కొస రైల్వే రాయి దగ్గర వాళ్ళ మనిషి.
మధ్యలో మంచం,
మంచం మీద తొడిమలు తీయాల్సిన మిరపకాయల గోతం,
గోతం మీద పిల్లి.
పిల్లి లేవలేదు.
గొలుసునే కాస్త ఎత్తి పట్టుకున్నాం.

సర్వేయరు గారు అట్ట మీద కాగితం పెట్టి గీత గీశారు.
వంటిల్లు రాష్ట్రానిది.
వసారా కేంద్రానిది.
నడిమి గోడ ఎవరిదో తేలలేదు.
కరెంటు మీటరు వసారాలో ఉంది,
రాష్ట్రం కరెంటు కేంద్రం గోడ మీద తిరుగుతోంది,
దాని సంగతి ఎవరి కాగితంలోనూ లేదు.

ఆమె ట్రంకుపెట్టె తెరిచింది.
పాత చీర మడతలో పట్టా.
"మన ప్రభుత్వం చట్టం చేసి మరీ ఇచ్చింది బాబూ,
ముద్ర ఇదిగో, వేలు పెట్టి చూడు."
రైల్వే ఆఫీసరు సంచి తెరిచాడు.
వారం గడువు, ఇంకో చట్టం, ఇంకో ముద్ర.
రెండు ముద్రలూ ఊదారంగే.
చెమట తగిలితే రెండూ ఒకేలా అలుక్కుపోతాయి.

పోపూరి వకీలు గారు స్కూటరు దిగకుండానే చెప్పారు:
"ఉమ్మడి జాబితా అని ఒకటుందమ్మా.
అందులో ఇద్దరూ రాయొచ్చు.
రాతలు ఢీకొంటే ఢిల్లీది నిలుస్తుంది.
కాకపోతే, మనవాళ్ళు రాసింది రాష్ట్రపతి దాకా పోయి
సరేనన్న మాట తెచ్చుకుంటే
మన పొలిమేరలో మనదే నిలుస్తుంది.
అసలిది ఉమ్మడిదా, రైలు కాబట్టి పూర్తిగా వాళ్ళదా అంటే
అది వేరే వాదన.
దానికి ఫీజు కూడా వేరే."

ఉమ్మడి అన్న మాట దగ్గరే ఆగిపోయింది మస్తాన్‌బీ.
ఉమ్మడి కాపురం ఆమె చేసి వచ్చిందే.
"ఒకే కూరలో తోడికోడళ్ళిద్దరూ ఉప్పేస్తే
వండినోళ్ళకేం తెలుస్తది,
తినేవాడి నాలిక్కి తెలుస్తది" అంది.

మరి ఆ కాగితం ఢిల్లీ పోయిందా?
పోయింది.
తిరిగొచ్చిందా?
స్కూటరు స్టార్టయింది.

అప్పుడొచ్చింది గూడ్సు.
ఇల్లు ఇల్లంతా వణికింది.
రాష్ట్రంలో గిన్నెలూ, కేంద్రంలో బకెట్టూ
ఒకే చప్పుడు చేశాయి.
చివరి పెట్టె దాటేదాకా ఆగి అడిగింది:
"మా కాగితం ఏ బండిలో పోయింది బాబూ?
ఈ లైన్లో పోయుంటే నేను చూసేదాన్నే."
ఢిల్లీ బండి బెజవాడలో ఎక్కాలన్నాను.
నాకు తోచింది అంతే.

ఒక సంగతి సర్వేయరు గారికి చెప్పలేదు.
రోహిణి కార్తె ఎండకి ఇనుము సాగుతుంది.
పొద్దున కొలిచిన గీత
మిట్టమధ్యాహ్నానికి గోరంత జరుగుతుంది.
ఆ గోరంత నేల మీద ఎవరి చట్టం నడుస్తుందో
నన్నెవరూ అడగలేదు.

టీ రాష్ట్రంలో కాచింది,
కేంద్రంలో చాప పరిచి పోసింది.
అవతలి కొస పట్టుకున్న వాడి పేరు ఎఫ్రాయిము.
బాపట్ల దగ్గర కాలవ గట్టు మీద ఉంటాడట.
"మాది ఇరిగేషన్ వాళ్ళదంటారు, పంచాయతీదంటారు" అని
నవ్వబోయి, టీ వేడిగా ఉందన్నాడు.

సాయంత్రం గొలుసు చుడుతుంటే
లింకుల సందున పగిలిన మిరపకాయ ఇరుక్కుని ఉంది.
ఏ గదిలో అంటుకుందో తెలియదు.
గోటితో తీసి పారేశాను.
ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగాను.
చెయ్యి ఇంకా మండుతోంది.