కుడివైపు గాలి

షార్జా, పదమూడో సనయ్య.
స్క్రాప్ యార్డుల నాలుగు ఇటుకల మీద కూసున్నప్పుడు
దాని లోపల ఒక పిల్లి కాపురం ఉండె.
ఎనభై ఒకటి మోడల్ లాండ్ క్రూజర్.
దాద్ కరీం రెండు వేలు, నేను రెండు వేలు.
పిల్లికి మాత్రం ఏమియ్యలే,
అది అలిగి మూడు రోజులు బానెట్ దిగలే.

నాలుగేండ్ల జుమ్మాలు పోసినం దాని మీద.
తుప్పు గీకితే ఆకుపచ్చ,
ఆకుపచ్చ గీకితే ఇసుక రంగు,
దాని కింద ఎవరో బ్రష్షుతో రాసుకున్న పేరు, అరబ్బీల.
దాద్ కరీం కూడబలుక్కొని
"మేక పేరు లెక్కుంది" అన్నడు.
డోరు విప్పితే ఖర్జూరం గింజలు,
చిన్నపిల్ల గాజు ముక్క,
గిద్దెడు ఇసుక.
ఇసుకను పారబొయ్యలే. ఎందుకో మరి,
హార్లిక్స్ సీసల పోసి షెల్ఫు మీద పెట్టిన.

ఇంజను నాది, రంగు అతనిది.
కార్బురేటర్ ఆరుసార్లు విప్పిన;
జెట్టు రంధ్రంల నా తల వెంట్రుక దూర్చి తుడిచిన.
అప్పుడు నల్లగ ఉండె ఆ వెంట్రుక.

ఒక్కటే గుట్టు.
నాకు లైసెన్సు లేదు.
ఐదుసార్లు ఫెయిలు.
ఇంజన్లు విప్పే చెయ్యి
పక్కన పోలీసు కూసుంటే స్టీరింగు మీద వణుకుతది.
నన్ను చూస్తేనే పార్కింగు కోను పడిపోతది.
అందుకే కాయితం మీద దాద్ కరీం పేరు.
గేటు నుంచి గోడ దాక, గోడ నుంచి గేటు దాక
నలభై అడుగులు, నేను నడిపింది అంతే.
ఫస్టు గేరు, రివర్సు.
సెకండు ఎట్ల పడతదో
చెవికి తెలుసు, చేతికి తెల్వదు.

కొననీకి వచ్చిందామె ఒంటెల డాక్టరు, మౌజా,
ధైద్ నుంచి. వెంట తమ్ముడు,
వాడు ఫోనులకెల్లి తల ఎత్తలే.
ఆమె మెరుపు చూడలే.
అబాయా అంచు పైకి చెక్కి, కిందికి వంగి,
చాసిస్ మీది ప్రతి వెల్డింగు
టార్చి కొట్టి లెక్కపెట్టింది.
"పదకొండు."
పన్నెండు. పన్నెండోది నేనే చూపించిన.
దాద్ కరీం నా కాలు తొక్కిండు.

ముప్పై ఎనిమిది వేలకు మాట కుదిరింది.
తాళంచెవి ఇద్దామని చెయ్యి చాపిన,
వేళ్ళు విచ్చుకోలే,
పాత గ్రీసు గడ్డకట్టినట్టు.

"చివరిసారి నువ్వే నడుపు, ఉస్తాద్" అన్నదామె.
సిగ్గిడిచి చెప్పిన.
ఆమె నవ్వలే. కుడివైపు తలుపు తీసి, ఎక్కమన్నది.
తాళంచెవి ఎప్పుడు చెయ్యి మారిందో
నేను చూసుకోనే లేదు.

మలీహా రోడ్డు.
నాలుగేండ్లు దాని కింద పండుకున్నోణ్ణి,
ఇయ్యాల దాని లోపల మనిషి లెక్క కూసున్న.
సెకండు. థర్డు. ఫోర్తు.
నలభై అడుగుల గోడ ఎన్నడో ఎనుకపడ్డది.
ఇంజను చప్పుడు
మూత కింద ఎసరు మరిగినట్టు, తొందర లేకుంట.
అటు ఒంటెలు, ఇటు ఒంటెలు,
ఆమె ఒక్కొక్కదాన్నీ కాళ్ళు చూసి దాటేస్తున్నది.

ఎనభై దాటినంక వినబడ్డది.
సన్నటి ఈల.
కుడి కిటికీ రబ్బరు, పై మూల,
చిటికెన గోరంత సందు.
నిలవడ్డ బండికి గాలెక్కడిది,
యార్డుల తెలిసేదెట్ల?

"ఆపుండ్రి" అన్న.
"ఇది నేను చూడలే. కొత్త రబ్బరు రెండొందలు.
మీ పైసలు మీరు తీసుకోండ్రి."
ఎనుక సీట్ల దాద్ కరీం నెత్తి కొట్టుకున్నడు.
పోనీలే అంటదేమో అనుకున్న.
అనలే.
రెండు నోట్లు తీసుకొని, మడిచి, పర్సుల పెట్టుకున్నది.
అప్పుడు నాకు మస్తు నిమ్మలమైంది.

గేటు కాడ దింపి పోయింది.
నడిమిట్ల నూనె మరక,
షెల్ఫు మీద హార్లిక్స్ సీస.
"అది బండితోని ఇయ్యాల్సింది కదా" అన్నడు దాద్ కరీం.
మరిచిన అన్న.

ఈ ఒక్కదాన్ని
ఎవరు టార్చి కొట్టి చూస్తరు.