పొగకు అలవాటైన కళ్ళు

బుకోమ్ సందులో, రేకుల కప్పు కింద
పాత తెరచాప గుడ్డకు ఇసుక కూరి కుట్టిన సంచి.
నలభై ఒకటో ఏట దాని ముందు నిలబడ్డాను
నేను, అమెర్లే, చేపలకు పొగబెట్టి అమ్ముకునేదాన్ని.
పిల్లలెవరూ ముక్కు మూసుకోలేదు.
వాళ్ళ అమ్మల ఒంటిమీదా ఇదే వాసన.

"పిడికిలి పట్టు" అన్నాడు ఒడోయ్ తాత.
పట్టాను.
ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి
లోపల దాక్కున్న బొటనవేలిని బయటికి లాగాడు
చిప్పలోంచి నత్తను లాగినట్టు.
"ఇలా కొడితే ముందు విరిగేది ఇదే.
ఎవరు నేర్పారు నీకు?"

ఎవరూ నేర్పలేదు తాతా.
పది సెడీల నోటు మడిచి బొటనవేలి కింద నొక్కి
కిక్కిరిసిన ట్రోట్రోలో మకోలా బజారు దాకా
ఇరవై ఏళ్ళు ప్రయాణం చేసిన పిడికిలి ఇది.
దాచుకోవడం ఒక్కటే తెలుసు దానికి.

మూడు దెబ్బలు కొట్టేసరికి సంచి గిర్రున తిరిగింది.
సంచి కాదు, నేను.
"ఊపిరి బిగబట్టావు."
పొయ్యి మూత ఎత్తిన ప్రతిసారీ బిగబడతాను మరి.
"ఇక్కడ పొగ లేదు. వదులు.
కొట్టినప్పుడల్లా పాము బుస కొట్టినట్టు వదులు."

డప్పు మోగకూడని నెల అది.
హోమోవో పండుగకు ముందు, గింజ మొలకెత్తే దాకా
ఊరంతా గొంతు తగ్గించుకుంటుంది.
రేడియో కట్టేసిన ఆ జిమ్‌లో
పదకొండు మంది బుసలు,
మధ్యలో నా దగ్గు.

బలం సంగతి అడక్కండి.
భుజాలు చెవులదాకా ఎక్కేవి, మోకాళ్ళు కర్రల్లా నిలిచేవి.
కొట్టిన చెయ్యి వెంటనే ఇంటికి రావాలట.
నాది అక్కడే ఉండిపోయేది
చిల్లర కోసం చాచినట్టు.

తలమీద బేసిన్ మోసే మెడ, వంగనంటుంది.
గడ్డం పైకెత్తి నడవడం మా వీధిలో ఠీవి.
తాత కంటికి అది
రండి, కొట్టండి అని బార్లా తెరిచిన తలుపు.
గడ్డం కింద టెన్నిస్ బంతి ఇరికించాడు.
పడింది. మళ్ళీ పెట్టాడు. పడింది.
ఓ మేక వచ్చి దాన్ని వాసన చూసి పోయింది.

ఆరో వారం ఎదురుగా ఒబోషీ.
పద్నాలుగేళ్ళు. నా దగ్గర అరువు పెట్టే
వాళ్ళమ్మ పోలికే.
నా ఎడమచెయ్యి పొరపాటున దాని చెంపకు తగిలింది.
"అయ్యో తల్లీ" అంటూ రెండు చేతులూ దించి
దగ్గరికి వెళ్ళాను, ఎంత తగిలిందో చూద్దామని.
అది చూడనివ్వలేదు.
పొట్టలో ఒకటి, పక్కటెముకల మీద ఒకటి.
సిమెంటు నేలమీద కూలబడ్డాక తాత అన్నాడు:
"క్షమాపణ గంట కొట్టాక.
అదీ నీళ్ళు తాగాక."

"ఈ తప్పులన్నీ ఎప్పటికి పోతాయి?" అడిగాను.
ఆయన ఎడమకంటికి పాలపొర కమ్మి ఉంటుంది.
"నా ఎడమచెయ్యి ఇప్పటికీ కిందికి జారుతుంది" అన్నాడు
ఆ కన్ను తుడుచుకుంటూ.

అన్నిటికన్నా మొండిది కళ్ళు మూసుకోవడం.
గ్లవ్ కదిలితే చాలు, రెప్పలు వాలిపోయేవి
పొగ వచ్చిందనుకుని.

నిన్న మాత్రం
ఒబోషీ భుజం కదిలింది, మోచెయ్యి విచ్చుకుంది,
ఎర్రటి గ్లవ్ మీద చిరుగు, దానికి నల్లదారం కుట్లు.
లెక్కపెట్టాను, నాలుగు.
పెద్దవై, ఇంకా పెద్దవై ముక్కుమీదికి వచ్చాయి.
తప్పుకోలేదు. అది వచ్చే నెల పాఠం.
పెదవి మీదికి రక్తం కారుతుంటే అరిచాను
డప్పులు లేని నెలని కూడా మరిచి:
"చూశాను తాతా! మొత్తం చూశాను!"
అందరూ ఉష్ అన్నారు.

రాత్రి పొయ్యి మూత ఎత్తాను.
రెప్పలు పడలేదు.
ధారగా నీళ్ళు, కళ్ళలో కారం కొట్టినంత మంట.
ఆ మంటలో మొదటిసారి కనిపించింది
వెనక వరస చేపలు రోజూ ఎందుకు మాడిపోతున్నాయో.