నీళ్ళ పక్కన నీళ్ళు

నేను బోర్లు వేస్తాను.
కాన్సస్‌లో, వాల్డెక్ సరస్సు చుట్టూ, ముప్పై ఏళ్ళుగా.
కొత్తగా స్థలం కొన్నవాళ్ళు మొదట నవ్వుతారు:
ఎదురుగా ఇన్ని నీళ్ళు పెట్టుకుని బోరెందుకని.

ఆ నీళ్ళు ప్రభుత్వానివి.
ఒడ్డు మీద యాభై గజాలూ ప్రభుత్వానివే.
కాగితాల్లో మూడో పేజీలో ఉంటుంది ఆ మాట,
చేప బొమ్మ వేసిన కరపత్రంలో ఉండదు.
చూసుకోవచ్చు, తాగకూడదు.
ఆ చూపుకే ఎకరాకి పద్దెనిమిది వేల డాలర్లు ఎక్కువ.

ష్రాగ్ దంపతులు మార్చిలో పిలిచారు.
ఆర్విన్ విచిటాలో విమానం రెక్కలకి
ముప్పై నాలుగేళ్ళు రివెట్లు కొట్టినవాడు.
కుడి చెవి వినపడదు.
లొరీన్ బడి వంటింట్లో పనిచేసి దిగింది.
ఇప్పుడు అతని కుడి చెవి పని కూడా ఆమెదే.

కొన్నది నిండు జూన్‌లో.
అప్పుడు నీళ్ళు గడ్డి అంచుదాకా వచ్చి
కుక్కపిల్లలా కాళ్ళు నాకాయట.
చలికాలమంతా ఆనకట్ట వాళ్ళు కిందికి వదిలేస్తే
మార్చికి మిగిలింది పావు మైలు బురద,
బురదలో కూరుకున్న ప్లాస్టిక్ కుర్చీ,
కుర్చీ పక్కన, దాని యజమానిలా, ఒక కొంగ.
"మనకి చూపించింది ఇది కాదు" అన్నాడు ఆర్విన్.
"ఇదే. దుప్పటి తీశారంతే" అంది లొరీన్.

వెల్డింగు చువ్వలు రెండు వంచి పట్టుకుని
నీటి జాడ కోసం తనే నడిచాడు.
చువ్వలు ఒకదానికొకటి అడ్డం పడ్డచోట
మడమతో గీత గీశాడు, సరస్సుకి దగ్గరగా.
నాకు చువ్వల మీద నమ్మకం లేదు.
అడుక్కింత అని డబ్బు తీసుకునేవాడికి
నమ్మకాల గురించి మాట్లాడే హక్కూ లేదు.

నూట పదడుగుల దాకా బూడిద రంగు రాయి.
నూట తొంభైలో తడి తగిలింది.
మా మేనల్లుడు కోడీ కేక వేశాడు.
ఆర్విన్ దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.
ఉప్పు.
మనుషులు లేని కాలంలో ఇక్కడున్న సముద్రం
ఇంకా ఆ రాళ్ళ కింద చెమ్మగా పడుంది.
"సముద్రతీరం అని తెలిస్తే
ఇంకా ఎక్కువ లాగేవాడు బ్రోకరు" అన్నాడు.
నవ్వలేదు. చెరువు మీద అలిగినవాడిలా
వీపు తిప్పి నా ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకో గుంతకెంత?" లొరీన్ అడిగింది.
చెప్పాను.
"అయితే పడవ మానేద్దాం."
అతను కుడి చెవి ఆమెవైపు తిప్పి
విననట్టు చాలాసేపు బురద చూశాడు.

రెండోది ఆమె చెప్పిన చోట,
పైన రోడ్డు పక్కన, పోస్టు డబ్బా దగ్గర.
ఎనభై నాలుగడుగులు. తియ్యటి నీళ్ళు.
అక్కడినుంచి సరస్సు కనపడదు.
ట్రక్కు బానెట్ మీద ఇంటి ప్లాను పరిచి
కాగితాన్నే అటునుంచి ఇటు తిప్పేసింది:
వంటగది కిటికీ రోడ్డు వైపుకి.
"మధ్యాహ్నం పూట మనిషి చూసేది నీళ్ళని కాదు,
ఎవరైనా వస్తున్నారా అని."
"మరి సరస్సో?"
"వెనక వరండా నీది."

నన్నూ అడుగుతుంటారు, పని మానేసి ఎక్కడుంటావని.
గోధుమ చేల మధ్య చూసి పెట్టుకున్నాను,
చుట్టూ ఎక్కడా నీటి చుక్క కనిపించని నేల.
అరవైలోపే పడుతుంది, నాకు తెలుసు.
చవక. ఎవరికీ అక్కర్లేదు.

అక్టోబరులో పంపు చూడ్డానికి వెళ్ళాను.
లొరీన్ గ్లాసు నింపి ఇచ్చింది.
కొంచెం ఇనుము రుచి. చెప్పలేదు.
అప్పటికి సరస్సు మళ్ళీ దిగడం మొదలైంది.
వెనక వరండాలో ఆర్విన్
కుర్చీ కాస్త వంకరగా వేసుకున్నాడు.
కళ్ళు నీళ్ళ మీద,
వినపడే చెవి వంటింటి వైపు.