ముప్పై మూడు గంటలు

మెల్కర్ చలిలోంచి లోపలికొచ్చి
తలుపు వేయడం మరిచిపోయి
"ఎంతవుతుంది?" అన్నాడు.
గడ్డం ఇంకా తెలీని మొహం.
బయట వాడి వోల్వో, వాడికంటే పదేళ్లు పెద్దది,
అగ్గిపెట్టెకి చక్రాలు తొడిగినట్టు,
బోల్‌నేస్ ఫిబ్రవరిలో తెల్లగా దగ్గుతోంది.

టర్బో ముందే కొనేశాడు.
దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు.
విప్పి ఇరుసు పట్టుకుని కదిలించాను.
వెంట్రుకంత ఆట.
పర్లేదు, బతుకుతుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్ళు
ఇంజన్ విప్పి చూసి ఉండరు.
అట్టపెట్టె మూత చింపి పెన్సిల్‌తో రాశాను.
ఇంజన్ దింపడానికి ఐదు.
మానిఫోల్డు, టర్బో, నూనె గొట్టాలు, ఎనిమిది.
ఇంటర్‌కూలర్‌కి ముందు రేకు కోయాలి, ఆరు.
ఇంజెక్టర్లు, వైర్లు, ఏడు
(వైర్ల దగ్గర నేనెప్పుడూ తప్పుతాను).
క్లచ్ మూడే, ఇంజన్ ఎలాగూ కిందుంటుంది కనక.
రోలర్ల మీద పరిగెత్తించి ట్యూనింగు, నాలుగు.

ముప్పై మూడు.
గంటకి ఎనిమిది వందల యాభై క్రోనాలు.
వాడు పెదాలతో గుణించుకున్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి, చలికి కాదు.

ఆ అట్టమీద నేను రాయనిది ఒకటుంది.
ఆరునెలలు మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.
ఉప్పు తిన్నవాళ్ళకి విశ్వాసం ఉంటుందంటారు గానీ
ఉప్పు తిన్న ఇనుముకి ఉండదు.
తిప్పితే కదిలినట్టే కదిలి
రెంచ్ చేతిలో హఠాత్తుగా తేలికైపోతుంది.
ఆ తేలికకి గంటలు ఎన్ని?

నాకు పని నేర్పిన సిక్స్‌టెన్ అనేవాడు,
"తోచిన అంకెని రెండింతలు చెయ్యి,
ఆ తర్వాత నోరు మూసుకో."
నేను ఒకటిన్నర దగ్గరే ఆగిపోతాను.
ఆయన పోయేనాటికి ఇంటి అప్పు తీరింది.
నాది ఇంకా నడుస్తోంది.

"నేనూ చేస్తాను, తగ్గించు," అన్నాడు మెల్కర్.
తొమ్మిది కొట్టేశాను.
పాత గాస్కెట్లు గీకడం, బోల్టులు కడగడం,
కేకులు కాల్చే పళ్ళెం గుంటల్లో వరసగా పేర్చడం.
ఆరు శనివారాలు వచ్చాడు.
తొమ్మిది గంటల పని పద్నాలుగు గంటలు చేశాడు.
గీకుడు కత్తి ఏ వాలున పట్టాలో చూపిస్తూ
పక్కన కూర్చున్న నా గంటల్ని
ఏ గడిలో వెయ్యాలి?

మూడో స్టడ్డు మీదే నాకు అనుమానం.
అది వెన్నలా వచ్చింది.
నమ్మిన ఐదోది విరిగింది.
వేడి పెట్టి, మైనం కరిగించి,
ఎడమకి తిరిగే డ్రిల్లుతో
ఈగ రెక్క ఊడదీసినంత నెమ్మదిగా.
వాడు టార్చి పట్టుకున్నాడు.
మొదటి గంట ఫోన్ చూశాడు, రెండో గంట నా చేయి చూశాడు,
మూడో గంటలో వెలుగుని
నేను అడక్కముందే జరపడం మొదలెట్టాడు.
నాలుగో గంటలో ఆ తుంట బయటికొస్తే
అడక్కుండా జేబులో వేసుకున్నాడు.

రోలర్ల మీద బండి అరిచింది.
వాడు కలగన్న అంకెకి ఇరవై గుర్రాలు తక్కువ.
అయినా అద్దంలో మొహం చూసుకున్నవాడిలా నవ్వాడు.

బిల్లు రాశాను. ఇరవై నాలుగు.
విరిగిన బోల్టుకి నాలుగు కలిపాను.
రెండు కొట్టేశాను.
ఆ రెండూ ఎందుకు ఉంచానో
ఈ రెండూ ఎందుకు వదిలానో
నన్ను అడగొద్దు.
నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు, చిల్లర అడిగి తీసుకున్నాడు.

నా పుస్తకంలో ప్రతి అంచనా పక్కన
ఎవరికీ చూపించని ఇంకో వరస ఉంటుంది.
ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ రెండు వరసలు
ఒక్కసారి కలిశాయి.
అది సైకిల్ పంక్చరు.

సాయంత్రం ఇంకొకడు తలుపు తోశాడు.
చంకలో ఏదో గుడ్డ మూట.
"ఎంత..." అంటుండగానే
ముందు బూట్ల మంచు దులుపుకో అన్నాను,
పెన్సిల్ కోసం తడుముకుంటూ.